నంద్యాల విత్తనాల ఇంటిపేర్లు

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో సాగయ్యే పంటల వంగడాలకు సాధారణంగా రెండు పేర్లుంటాయి. ఒకటి కాగితం పేరు. కొన్ని ఇంగ్లిషు అక్షరాలు, వాటి వెనక ఒక అంకె: ఎన్‌బీఈజీ 47, ఎస్‌ఐఏ 3088, ఎన్‌టీజే 5, బీపీటీ 5204. రెండోది పిలుపు పేరు: ధీర, సూర్యనంది, సాంబ మసూరి. వంగడం ఏ ఊళ్లో పుట్టింది, ఏ పంటది, దాని తల్లిదండ్రులెవరు అన్న సంగతులు ఆ అక్షరాల్లో ఉంటాయి. మరీ పాతవాటిలో అయితే దాన్ని ఏరిన ఉద్యోగి హోదా కూడా ఉంటుంది. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రం పెట్టిన పేర్లనూ, బయటి నుంచి వచ్చి ఈ నల్లరేగళ్లలో స్థిరపడిన పేర్లనూ ఈ వ్యాసం పరిచయం చేస్తుంది.

తెలుగువాళ్లకు ఈ పద్ధతి వింతేమీ కాదు. మన పేరుకు ముందుండే పొడి అక్షరం ఇంటిపేరుది. ఆ ఇంటిపేరు చాలామటుకు ఒక ఊరి పేరే. తాతముత్తాతలు ఆ ఊరు వదిలి వందేళ్లయినా అక్షరం మాత్రం వెంట వస్తుంది. విత్తనానికీ అంతే. బాపట్లలో పుట్టిన వరి కర్నూలు-కడప (కేసీ) కెనాల్ కింద ఎన్ని కార్లు పండినా బీపీటీయే. జబల్‌పూర్ పేరు మోసే శనగ ఆళ్లగడ్డ రేగడిలో ఎన్నేళ్లు మొలిచినా జేజీయే.

అంగడి ముందు

అక్టోబరులో శనగ విత్తే రోజుల్లో విత్తనాల అంగడి దగ్గర వినబడే మాటలు ఇలా ఉంటాయి. "జేజీ ఉందా అన్నా?" "జేజీ అయిపాయ. నలభై ఏడుండాది, తీస్కపో." అడిగినవాడు అంకె వదిలేశాడు, చెప్పినవాడు అక్షరాలు వదిలేశాడు. అయినా ఇద్దరికీ అర్థమైంది. అడిగింది జేజీ 11, ఉన్నది ఎన్‌బీఈజీ 47.

ఈ వాడుకకు చట్టం ఒప్పుకోదు. మొక్కల వంగడాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 2001లో వచ్చింది. దాని ప్రకారం అంకెలు మాత్రమే ఉన్న పేరును వంగడంగా నమోదు చేయరు. పేరులో అక్షరమో మాటో ఉండి తీరాలి. రైతు మాత్రం నాలుక మీద ఏది తేలిగ్గా ఆడితే దాన్నే ఉంచుకుంటాడు.

సంచికి కుట్టిన చీటీ రంగు కూడా ఒక సంకేతమే. బంగారు పసుపు చీటీ ఉంటే అది బ్రీడరు విత్తనం, అంటే వంగడాన్ని పుట్టించినవాళ్ల చేతి విత్తనం. తెలుపు ఫౌండేషన్, నీలం ధ్రువీకరించినది. ఆకుపచ్చ చీటీ ఉన్నదాన్ని టీఎల్ అంటారు. టీఎల్ అంటే ట్రూత్‌ఫుల్ లేబుల్. సంచి మీద రాసింది నిజమని కంపెనీ తనకు తానే పూచీ పడిందన్నమాట. సర్కారు తనిఖీ ముద్ర దానికి లేదు. అక్షరాలు చదవడం రాని పెద్దవాళ్లు కూడా రంగు చూసి సంచి ఎంచుకోగలరు.

కేంద్రం, దాని తొలి అక్షరం

నంద్యాలలో వ్యవసాయ పరిశోధన 1906లో మొదలైంది. అప్పుడు ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోని కర్నూలు జిల్లాలో ఉండేది. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక ఈ క్షేత్రం దాని కిందికి వచ్చింది. ఆ విశ్వవిద్యాలయమే ఇప్పటి ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం. వానలు తక్కువ పడే మండలానికంతటికీ నంద్యాల కేంద్రమే పెద్దదిక్కు. పత్తి, జొన్న, శనగ, కొర్ర, పొద్దుతిరుగుడు దాని ముఖ్యమైన పంటలు. నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. ఆ లెక్కన కేంద్రం జిల్లా కంటే నూటపదహారేళ్లు పెద్దది. శుభసంఖ్యే.

మద్రాసు రోజుల్లో పత్తి వర్తకులు సరుకును దిక్కుల పేర్లతో పిలిచేవారు. నంద్యాల వైపు పత్తి నార్తరన్స్, బళ్లారి వైపుది వెస్టరన్స్, కోస్తాది కోకనాడాస్. మద్రాసు రేవులో నిలబడి చూసేవాడికి నంద్యాల ఉత్తరమే కదా. ఆ నార్తరన్స్ పత్తిలోంచి ఏరి తీసిన ఒక మేలు రకానికి నార్తరన్స్ 14 అని పేరు పెట్టారు, పొట్టిగా ఎన్ 14. ఇవాళ నంద్యాల వంగడం ముందు ఎన్ కనిపిస్తే ఊరి పేరు అనుకుంటాం. ఆ పాత ఎన్ మాత్రం ఊరు కాదు, మద్రాసు వర్తకుడి దిక్సూచి.

తర్వాతి కాలంలో ఎన్ ఊరిదే అయింది. 1990ల్లో మెట్ట రైతుల్లో బాగా పాకిన నరసింహ పత్తి కాగితం పేరు ఎన్‌ఏ 1325. అయితే దేశంలో ఎన్‌తో మొదలయ్యే కేంద్రాలు చాలా ఉన్నాయి. మహారాష్ట్రలోని నాందేడ్ నుంచి వచ్చిన ప్రసిద్ధ హైబ్రిడ్ పత్తి ఎన్‌హెచ్‌హెచ్ 44లో ఎన్ నాందేడ్‌ది. నెల్లూరు వరి కేంద్రం ఎన్‌ఎల్‌ఆర్ అని రాసుకుంటుంది. నెల్లూరు మసూరి అని పిలిచే రకం ఎన్‌ఎల్‌ఆర్ 34449. ఒక్క ఎన్ చాలని చోట నంద్యాల ఎన్‌డీఎల్ అయింది. దానికి ఆర్ చేర్చి వరికి ఎన్‌డీఎల్‌ఆర్ అన్నారు. పత్తిలో హెచ్ చేరిస్తే హిర్సూటమ్, అంటే అమెరికా జాతి. ఏ చేరిస్తే ఆర్బోరియమ్, అంటే దేశవాళీ జాతి. పొద్దుతిరుగుడు హైబ్రిడ్‌కు ఎన్‌డీఎస్‌హెచ్.

వీటన్నిటిలో నాకు నచ్చిన పేరు ఎన్‌టీజే. చూడ్డానికి ఇంగ్లిషు, విప్పితే అచ్చ తెలుగు. నంద్యాల తెల్ల జొన్న. టీ అంటే తెల్ల, జే అంటే జొన్న. సెప్టెంబరు, అక్టోబరుల్లో విత్తే మాఘీ జొన్నకు ఈ వరుసలో ఎన్‌టీజే 2 నుంచి ఎన్‌టీజే 5 దాకా పేర్లు వచ్చాయి. జాతీయ స్థాయిలో జొన్నకు వేరే వరుస ఉంది. సీఎస్‌వీ అంటే సమన్వయ జొన్న పరిశోధన పథకం విడుదల చేసిన సూటి రకం, సీఎస్‌హెచ్ అంటే ఆ పథకపు హైబ్రిడ్. 1964లో వచ్చిన సీఎస్‌హెచ్ 1 మన దేశపు తొలి హైబ్రిడ్ జొన్న. షోలాపూర్ వైపు నుంచి వచ్చిన ఎం 35-1లో ఎం అంటే మాల్దండి, అది ఒక నాటు జొన్న పేరు. ఎన్‌టీజేలాగా అందులోనూ ఇంగ్లిషు ముసుగు కింద ఉన్నది దేశి మాటే.

ఇటలీ కార్లు, ఇటలీ కొర్ర

అక్షరాలూ అంకెలూ కలిపి పేరు పెట్టడంలో లోకమంతా పేరు తెచ్చుకున్నవి ఇటలీ పందెపు కార్లు. 1962 నాటి ఫెరారీ 250 జీటీఓ సంగతి చూడండి. 250 అంటే ఒక్కో సిలిండరు పట్టే ఘన సెంటీమీటర్లు. సిలిండర్లు పన్నెండు కాబట్టి ఇంజను మొత్తం మూడు లీటర్లు. జీటీ అంటే గ్రాన్ తురిస్మో, దూర ప్రయాణాల బండి. ఓ అంటే ఒమొలొగాటో, పందేల సంఘం ఆమోదం పొందినది. అలాంటివి ముప్పై ఆరే తయారయ్యాయి. 1975లో అదే కంపెనీ 308 జీటీబీ తెచ్చేసరికి లెక్క మారిపోయింది. మొదటి రెండంకెలు కలిసి మూడు లీటర్లు, చివరి 8 సిలిండర్ల సంఖ్య, బీ అంటే బెర్లినెట్టా అనే కప్పున్న కారు. ఆల్ఫా రోమియో జీటీఏలో ఏ అంటే అలెజెరీటా, బరువు తగ్గించినది. లంబోర్గినీ కౌంటాక్ ఎల్‌పీ 400లో ఎల్‌పీ అంటే ఇంజను బండి పొడవునా, వెనకవైపు అమర్చారని.

అక్షరం అబద్ధమాడిన సందర్భాలూ ఉన్నాయి. ఫెరారీ 512 బీబీలో రెండో బీ బాక్సర్‌ది. ఆ ఇంజను మాత్రం అసలైన బాక్సర్ కాదు, పన్నెండు సిలిండర్ల వీ ఇంజన్నే 180 డిగ్రీలకు పరిచేసి పెట్టారు. పేరు అందంగా ఉంది, ఉంచేశారు. ఇలాంటి సంగతి మన పత్తిలోనూ ఉంది, కిందికి వస్తుంది.

కారు అక్షరాలు బండి ఎలా కట్టారో చెబుతాయి, విత్తనం అక్షరాలు ఎక్కడ పుట్టిందో చెబుతాయి. ట్రాక్టరు మూత మీద ఉండే డీఐ కూడా కారు జాతిదే. డీఐ అంటే డైరెక్ట్ ఇంజెక్షన్, డీజిలు నేరుగా సిలిండర్లోకి చిమ్మే ఏర్పాటు. కంపెనీల పేర్ల దాకా వెళితే మాత్రం ఇటలీవాళ్లదీ మన దారే. ఫియట్‌లో చివరి టీ తొరీనో నగరం, మనం ట్యూరిన్ అనేది. ఆల్ఫాలో ఎల్ అంటే లొంబార్డీ ప్రాంతం. ఎన్‌టీజేలో ఎన్ ఎంతో, ఫియట్‌లో టీ అంత.

నంద్యాల రోడ్ల మీద ఫెరారీ దొరకదు. ఇటలీ మాట మాత్రం రోజూ నడుస్తుంది. విత్తనాల సంచులు, కూలీలు, పెళ్లివారు అందరూ ఎక్కే ఆపే ఆటో పియాజియో కంపెనీది. ఆపే అంటే ఇటాలియన్‌లో తేనెటీగ. అదే కంపెనీ స్కూటరు వెస్పా పేరుకు కందిరీగ అని అర్థం. తేనెటీగ సంగతి ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు. చెయ్యెత్తిన చోటల్లా ఆపే బండి కాబట్టి ఆపే ఆటో అని తెలుగులోనే అర్థం కుదిరిపోయింది.

ఇటలీ మాట ఇంకోటి పొలంలోనే ఉంది. నంద్యాల కేంద్రం విడుదల చేసిన కొర్ర వంగడాల ముందు ఎస్‌ఐఏ అని ఉంటుంది: ఎస్‌ఐఏ 3085, ఎస్‌ఐఏ 3088, ఎస్‌ఐఏ 3156. ఎస్‌ఐ అంటే సెటేరియా ఇటాలికా, కొర్ర శాస్త్రీయ నామం. 1753లో లిన్నేయస్ ఈ గడ్డికి పానికమ్ ఇటాలికమ్ అని పేరు పెట్టాడు. 1812లో పాలిసో ద బోవ్వా దాన్ని సెటేరియా ప్రజాతిలోకి మార్చాడు. ఇటాలికా మాత్రం అంటుకునే ఉండిపోయింది. నిజానికి కొర్రను మొదట సాగుకు తెచ్చుకున్నది ఉత్తర చైనాలో, ఎనిమిది వేల ఏళ్ల నాటి మాట. మన రాయలసీమలో అది తరతరాల తిండి. అయినా రుద్రవరం, శిరివెళ్ల పొలాల్లో తలవంచి నిలబడ్డ కొర్ర కంకి సర్కారు కాగితాల్లో ఇటలీ వాసి. కార్ల కోసం ఇటలీ దాకా వెళ్లిన అక్షరాల కథ నంద్యాలలో కొర్ర రూపంలో ఇంటికొచ్చింది.

ఊరి పేరు లేకుండా పంట శాస్త్రీయ నామంతో మొదలవడం నంద్యాల పేర్లలో అరుదు. ఊరినీ శాస్త్రీయ నామాన్నీ కలిపిన పేర్లు గుంటూరు దగ్గర లాం కేంద్రం మిరపల్లో ఉన్నాయి. ఎల్‌సీఏ 334 అంటే లాం క్యాప్సికమ్ ఆన్యువమ్ 334. కంది దగ్గరికి వచ్చేసరికి అదే కేంద్రం తేలికైన ఇంగ్లిషుకు దిగి ఎల్‌ఆర్‌జీ అంది, లాం రెడ్ గ్రామ్. మినుముకు ఎల్‌బీజీ.

శనగ: నాలుగు అక్షరాల బరువు

శనగకు నంద్యాల పెట్టిన సంకేతం ఎన్‌బీఈజీ. ఎన్ నంద్యాల, బీఈ బెంగాల్, జీ గ్రామ్. శనగను ఇంగ్లిషులో బెంగాల్ గ్రామ్ అంటారు. బీజీ అని రాస్తే మినుము బ్లాక్ గ్రామ్‌తో గందరగోళం. మధ్యలో ఆ ఈ బహుశా అందుకే వచ్చి ఉంటుంది. ఈ ఒక్క చిన్న ఈ కోసం నోరు తిరగని పేరు తయారైంది.

శనగ ఈ ప్రాంతంలో ఇంత పెద్ద పంట కావడంలో బయటి అక్షరాలకే ఎక్కువ పాత్ర ఉంది. మొదట్లో ఉత్తర కర్ణాటక ఊరి పేరుతో అణ్ణిగేరి రకం ఉండేది. దానికి అక్షరాల బాధ లేదు, ఊరే పేరు. 1999లో జేజీ 11 వచ్చింది. జేజీ అంటే జవహర్ గ్రామ్. జవహర్ అన్నది జబల్‌పూర్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ కృషి విశ్వవిద్యాలయం వంగడాలకు పెట్టే ముందుమాట. ఇదే విత్తనానికి ఇంకో పేరుంది: ఐసీసీవీ 93954. ఐసీ అంటే 1972లో పటాన్‌చెరులో పెట్టిన ఇక్రిశాట్, రెండో సీ చిక్‌పీ, వీ వెరైటీ, 93 సంవత్సరం. పటాన్‌చెరులో రూపుదిద్దుకుని జబల్‌పూర్ పేరు మోస్తూ కోవెలకుంట్లలో పండే శనగ అది. పుట్టిల్లు, అత్తిల్లు, కాపురం మూడూ మూడు చోట్ల. కాబూలీ శనగలో కాక్ 2 అలాంటిదే. అది అకోలా నుంచి వచ్చిన కేఏకే. మూడక్షరాలు కలిసి పలికేసరికి బజారులో అది కాక్ అయిపోయింది. గింజ ఇంకా లావుగా ఉంటే డాలర్ శనగ. దానికి సంకేతాల్లేవు, ధరే పేరు.

ఇక ఎన్‌బీఈజీ 47, పిలుపు పేరు ధీర. మామూలు శనగ మొక్క గుబురుగా, నేలకు దగ్గరగా పరుచుకుంటుంది. కాయలు మట్టిని ఒరుసుకుంటాయి కాబట్టి కోత యంత్రం కత్తి కిందికి అందవు. అందువల్ల చేత్తో పీకాలి. శనగాకు మీద పులుసు ఊరుతుందని తెలిసినవాళ్లకు ఆ పని ఎంత కష్టమో తెలుసు. పొద్దున మంచు మీద పీకితే వేళ్లు పగులుతాయి, పొద్దెక్కాక పీకితే కాయ రాలుతుంది. 47 మొక్క నిట్టనిలువుగా పెరుగుతుంది, కాయ నేలకు జానెడు పైనుంచి మొదలవుతుంది. కంబైను దాని మీద నడిచిపోతుంది. ఆంధ్రలో యంత్రంతో కోయడానికి వీలుగా వచ్చిన తొలి శనగ ఇదే. కారు పేరైతే ఈ గుణానికి ఒక అక్షరం దొరికేది, అలెజెరీటాకో ఎల్‌పీకో దొరికినట్టు. విత్తనంలో దొరకలేదు. నిలువుగా పెరుగుతుందనే సంగతి 47 అన్న అంకెను చూసి ఎవరూ ఊహించలేరు. అది పరీక్ష మడిలో దాని వరుస సంఖ్య, అంతే. ఆ వరుసలోనే ఎన్‌బీఈజీ 3, 49 ఉన్నాయి. ఎన్‌బీఈజీ 119 కాబూలీ రకం.

పత్తి: తల్లిదండ్రుల పేర్లు, అబద్ధపు పేర్లు

పత్తిలో ఊరిపేరు కంటే వంశవృక్షం ముఖ్యం. తమిళనాడు నుంచి వచ్చిన ఎంసీయూ 5 పేరు విప్పితే మద్రాస్, కంబోడియా, ఉగాండా. మూడు ఖండాలు కాకపోయినా మూడు దేశాల చరిత్ర అందులో ఉంది. ఎల్‌ఆర్‌ఏ 5166లో ఎల్ లక్ష్మి, ఆర్ రేబా బీ 50, ఏ ఏసీ 122. ఈ మూడూ దాని పెద్దలే. సువిన్ పేరులో అక్షరాలకు బదులు ముక్కలున్నాయి. సుజాతలోంచి సు, సెయింట్ విన్సెంట్‌లోంచి విన్. సీమ సినిమాల్లో తెగ తిరిగిన సుమో బండి పేరు కూడా ఇలా పుట్టిందే, సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోంచి. 1970లో గుజరాత్‌లో సి.టి. పటేల్ తెచ్చిన హెచ్ 4లో హెచ్ అంటే ఉత్త హైబ్రిడ్. ప్రపంచంలో వ్యాపారానికి వచ్చిన మొదటి హైబ్రిడ్ పత్తి అదే కాబట్టి అంతకంటే చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆళ్లగడ్డ చుట్టుపక్కల హైబ్రిడ్ అన్న మాటకు పుస్తకంలో లేని అర్థం ఒకటుంది. దాన్ని సీడు పత్తి అంటారు, చేసే పనిని క్రాసింగ్ అంటారు. చేలో ఆడ సాళ్లు ఎక్కువ, ఒక పక్కన మగ సాళ్లు. సాయంత్రం పూట మరుసటి రోజు విచ్చుకోబోయే మొగ్గను ఆడ చెట్టు మీద ఎంచి, గోటితో రేకులనూ పుప్పొడి సంచులనూ చుట్టూ గిల్లి తీసేస్తారు. మధ్యలో కీలాగ్రం ఒక్కటే మిగులుతుంది. గోరు కొంచెం లోతుగా దిగితే పిందె పోయినట్టే. గిల్లిన మొగ్గ ఆకుల్లో కలిసిపోకుండా దానికి ఎర్ర కాగితం తొడుగు వేస్తారు. మర్నాడు పొద్దున మగ పువ్వు తెంపుకొచ్చి ఆ కీలం మీద రుద్దుతారు. ఒక్కో చెట్టుకు ఇలా పదుల మొగ్గలు, నెలల తరబడి. ఈ పనిలో ఆడపిల్లల శ్రమ మీద 1990ల చివరి నుంచీ దేశంలోనూ బయటా గట్టి విమర్శ నడిచింది. సంచి మీద అచ్చయ్యే హెచ్ అన్న ఒక్క అక్షరం ఆ వేళ్ల పని.

జొన్న, పొద్దుతిరుగుడు హైబ్రిడ్లకు ఈ గిల్లుడు అక్కర్లేదు. వాటిలో ఏ, బీ, ఆర్ అనే మూడక్షరాల ఏర్పాటుంది. ఏ వరుసకు పుప్పొడి పనిచేయదు, అది ఆడది. బీ వరుస అచ్చం దానిలాంటిదే, పుప్పొడి మాత్రం బాగుంటుంది. ఏ వంశం నిలిచేది దానివల్లే. ఆర్ వరుస మగది. దానితో కలిస్తే పుట్టే హైబ్రిడ్‌కు పుప్పొడి తిరిగి వస్తుంది. ఈ అక్షరాలు రైతు దాకా రావు, విత్తనం పండించేవాళ్ల పొలం పలకల మీదే ఆగిపోతాయి.

2002లో పత్తి పేర్లకు బీటీ వచ్చి చేరింది. బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే సూక్ష్మజీవి పేరులోని మొదటి అక్షరాలవి. దాని జన్యువు పత్తిలో చేరితే కాయతొలిచే పురుగు చస్తుంది. మొదట అనుమతి పొందినవి మెక్ 12, మెక్ 162, మెక్ 184. 2005లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ మూడింటికీ అనుమతి పొడిగించలేదు. ఒక జన్యువున్న బోల్‌గార్డ్ బీజీ 1, రెండున్నది 2006లో వచ్చిన బీజీ 2. ఇక్కడే ఫెరారీ బాక్సర్ లాంటి వ్యవహారం మొదలైంది. కలుపు మందు కొట్టినా చావని పత్తిని హెచ్‌టీ అంటారు. దాని సాగుకు అనుమతి లేకున్నా దొంగచాటుగా అమ్ముడవుతుంది. అమ్మేవాళ్లు దానికి బీజీ 3 అని పేరు పెట్టుకున్నారు. ఒకటి, రెండు తర్వాత మూడు రావడం సహజం అనిపించాలని. అనుమతి పొందిన బీజీ 3 అనే పత్తి దేశంలో ఏదీ లేదు. ఇటలీ బీ వల్ల ఎవరికీ నష్టం జరగలేదు. ఈ 3 మాత్రం రశీదు లేని సంచిలో వస్తుంది, మొలవకపోతే అడిగే దారి ఉండదు.

వరి: హోదా ఇంటిపేరైన వేళ

కేసీ కెనాల్, తెలుగుగంగ కాలువల కింద వరి పేర్లలో రాజ్యమేలేది బీపీటీ 5204, అంటే సాంబ మసూరి. బాపట్లలో తయారై 1986లో విడుదలైంది. బీపీటీ బాపట్ల కుదింపు. మార్టేరుకు ఎంటీయూ, జగిత్యాలకు జేజీఎల్, రాజేంద్రనగర్‌కు ఆర్‌ఎన్‌ఆర్. వీటిలో చాలామటుకు హల్లులు మిగిల్చి అచ్చులు మింగేసిన పేర్లే.

5204 తాతల్లో ఒకరి పేరు జీఈబీ 24. ఇది ఊరూ కాదు, పంటా కాదు. గవర్నమెంట్ ఎకనమిక్ బొటానిస్ట్ అనే మద్రాసు సర్కారు ఉద్యోగం పేరు. కోయంబత్తూరులో ఆ ఉద్యోగి కార్యాలయం 1921లో విడుదల చేసిన సన్నరకం అది. ఉద్యోగం పోయింది, ఉద్యోగి పోయాడు, ఆ హోదా బియ్యపు గింజలో మిగిలింది. మరో పూర్వికుడు టీఎన్ 1, తైచుంగ్ నేటివ్, తైవాన్ పొట్టి వరి. ఇంకోటి మసూరి. అది మలేసియాలో 1965లో విడుదలైన రకం. లంకావి దీవి కథల్లోని మహ్‌సూరి అనే స్త్రీ పేరు దానికి పెట్టారు. సోనా మసూరి అన్నం తినేవాళ్లలో ఆమె పేరు తలుచుకుంటున్నామని తెలిసినవాళ్లు తక్కువ.

అక్షరం మనిషికి అంటుకున్న సందర్భం ఒకటుంది. 1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్ 8ను విడుదల చేసింది. ఐఆర్ అంటే ఇంటర్నేషనల్ రైస్. మరుసటి ఏడాది పశ్చిమగోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు దాన్ని పండించారు. ఆ దిగుబడి చూశాక ఆయన మిస్టర్ ఐఆర్ 8 అయ్యారు. ఊరి పేరు విత్తనానికి ఇంటిపేరు కావడం మామూలే, విత్తనం పేరు మనిషికి బిరుదు కావడం అరుదు.

నందుల పేర్లు

అక్షరాలు నాలుకకు ఎక్కవని కేంద్రానికీ తెలుసు. అందుకే విడుదలయ్యే వేళ పిలుపు పేరు పెడతారు. నంద్యాల పేర్లలో చుట్టుపక్కల గుళ్లన్నీ కనిపిస్తాయి. కొర్రల్లో ఎస్‌ఐఏ 3088 పేరు సూర్యనంది. డెబ్బై, డెబ్బై అయిదు రోజుల్లో కోతకొస్తుంది. నంద్యాల చుట్టూ ఉన్న నవనందుల్లో సూర్యనంది ఒకటి. కార్తీకంలో తొమ్మిది నందులూ ఒక్క రోజులో తిరిగే భక్తులకు వేరే వివరణ అక్కర్లేదు. నరసింహ పత్తి పేరు వింటే ఆళ్లగడ్డవాళ్లకు అహోబిలం గుర్తుకు రాకమానదు. అంతకు ముందు తరం కొర్రలకు విజయనగర రాజుల పేర్లు పెట్టారు, కృష్ణదేవరాయ, నరసింహరాయ. దక్షిణాన కదిరి కేంద్రం కూడా ఇదే దారి పట్టింది. అక్కడి వేరుశనగ కే 1812 పిలుపు పేరు కదిరి లేపాక్షి. ఆ కేంద్రపు కే 6 వచ్చేదాకా సీమంతటా దశాబ్దాల పాటు ఏలింది టీఎంవీ 2, తిండివనం పేరుతో. తిండివనం ఎక్కడుందో చూడకుండానే మూడు తరాల రైతులు ఆ ఊరి పేరు పలికారు.

అక్షరాలు లేని గింజలు

పేరే తప్ప సంకేతం లేని గింజలు ఇంకా కొన్ని ఇళ్ల గాదెల్లో, కుండల్లో ఉన్నాయి. నాటు కొర్ర, పచ్చజొన్న, ఇంటి అవసరానికి దాచుకునే అనుములు. వాటిని ఎవరైనా శాస్త్రవేత్త ఒక గుప్పెడు అడిగి తీసుకెళ్లి ఢిల్లీలోని జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థకు పంపితే, అక్కడ వాటికి ఐసీ అనే రెండక్షరాలూ ఒక సంఖ్యా వస్తాయి. ఇండిజినస్ కలెక్షన్, అంటే స్వదేశీ సేకరణ. అవే అక్షరాలు పటాన్‌చెరు పేర్లలో ఇక్రిశాట్‌వి, ఇక్కడ అర్థం వేరు. విదేశం నుంచి వచ్చినదైతే ఈసీ, ఎక్సోటిక్ కలెక్షన్. సోవియట్ దేశం నుంచి వచ్చిన పెరెడోవిక్ పొద్దుతిరుగుడు రైతుల చేతికొచ్చాక కూడా ఆ నమోదు సంఖ్యను వదిలించుకోలేదు. విత్తనాల పట్టికల్లో దాని పేరు ఈసీ 68414.